పేట దాటవలసిన సంఘం: తెలుగు క్రైస్తవ నాయకత్వం ముందున్న పని

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అందుకున్న మొదటి భారతీయుడు. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆ తమిళుడు నైజాం రాజ్యంలోని ఒక చిన్న రైల్వే జంక్షనుకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1945 జనవరి 1న కన్నుమూసే వరకు తెలుగు పల్లెల మధ్యనే పనిచేశారు. ఆయన పేరు తలచినప్పుడు గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ కలుపుకుని 1939లో ప్రతిష్ఠ జరుపుకున్న దోర్నకల్ కెథడ్రల్ గుర్తుకొస్తుంది, లేదా దక్షిణ భారత సంఘాల ఐక్యత గుర్తుకొస్తుంది. ముప్పయ్యేళ్లకు పైగా ఆయన చేసిన రోజువారీ పని అంతగా ప్రస్తావనకు రాదు. ఒకే పల్లెకు, ఒకే కులానికి, చాలాచోట్ల ఒకే ఇంటిపేరుకు చెందినవారి కూటమిని, పరాయివాడు వచ్చి పక్కన కూర్చున్నా తడబడని సంఘంగా తీర్చడం ఆ పని. అది ఆయన హయాంలో పూర్తి కాలేదు, ఆ తరువాత కూడా పూర్తి కాలేదు. ఆయన స్మృతికి అర్పిస్తున్న ఈ ఉపన్యాసం ఆ మిగిలిన పనిని గురించినది.

తెలుగునాట ప్రొటెస్టెంటు సంఘాలు ఎలా పుట్టాయో చూడకుండా వాటి నేటి ఇబ్బందులు అర్థం కావు. పట్టణాల్లో బడులు పెట్టి, అగ్రవర్ణ యువకులను ఒక్కొక్కరినే చేర్చుకోవాలని మొదటితరం మిషనరీలు ఆశించారు. 1841లో మచిలీపట్నం చేరిన రాబర్ట్ నోబుల్ తన పాఠశాలలో అస్పృశ్య కులాల పిల్లలకు ప్రవేశం ఇవ్వలేదు. పైకులాల విద్యార్థులు వెళ్లిపోతారన్నది ఆయన భయం. అయితే సంఘాలు కట్టినవారు వేరే దారిలో వచ్చారు. కృష్ణా ప్రాంతంలో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య 1859లో కుటుంబంతో సహా బాప్తిస్మం పొంది, తన మాల బంధువర్గమంతటికీ సువార్త చెప్పారు. ఒంగోలు ప్రాంతంలో తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవారు, మాదిగపల్లెల్లోని చుట్టరికాల వెంటే ఆ మాటను తీసుకెళ్లారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ అక్కడికి చేరేసరికి పేరయ్య చేతుల మీదుగా పొలం దున్ని ఉంది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించిన క్లవ్, అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒక్కొక్క మనిషిగా గాక, కులపెద్దలు కూర్చుని మాట్లాడుకుని పల్లె మొత్తంగా విశ్వాసంలోకి రావడాన్ని చరిత్రకారులు సామూహిక ఉద్యమం అంటారు.

ఈ పుట్టుక నుంచి తెలుగు సంఘానికి ఒక గొప్ప బలం వచ్చింది. పల్లెలో సంఘమంటే బంధువులే కనుక, మంచాన పడినవారింటికి ప్రార్థనకు వెళ్లడానికి ఎవరికీ పిలుపు అవసరం లేదు. చావు ఇంట మూడు పూటల వంట ఎవరు చేయాలో కమిటీ తీర్మానించనక్కరలేదు. వండే ముందు కుండలో పోసే బియ్యం నుంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చే ‘పిడికెడు బియ్యం’ కానుకను కూలి చేసుకునే స్త్రీలే నిలబెట్టారు. నగదు చూడని ఇళ్లు కూడా సంఘకాపరిని పోషించగలిగింది దానివల్లనే. పట్టణ సంఘాలు ఇప్పుడు ‘కేర్ సెల్’ అనీ ‘సెల్ గ్రూప్’ అనీ పేరుపెట్టి, శిక్షణ ఇచ్చి తెచ్చుకోవాలని చూస్తున్న ఆప్యాయత, ఆ పల్లెల్లో ఏ పేరూ లేకుండానే ఉంది.

చిక్కంతా ఏమిటంటే, ఆ ఆప్యాయత ఏ వేరు నుంచి పుట్టిందో అదే వేరు నుంచి సంఘం తలుపు మూసుకోవడమూ పుట్టింది. ఆదివారం ఉదయం ఒక పల్లె మందిరాన్ని దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాక, చాపల మీద మగవారొకవైపు, ఆడవారొకవైపు కూర్చుంటారు. గోడ పక్కన వేసిన నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీలు సంఘపెద్దలవని అందరికీ తెలుసు. పాట ఎవరు ఎత్తుకోవాలో, కానుక సంచి ఎవరు తిప్పాలో, ఆరాధన ముగిశాక ఆ డబ్బు లెక్కపెట్టి నోటుపుస్తకంలో ఎవరు రాయాలో చెప్పే నియమావళి ఎక్కడా రాసి ఉండదు, కానీ కొత్తగా వచ్చినవాడు ఆ సంచి పట్టుకుంటే అందరి చూపులూ అటే తిరుగుతాయి. కొత్తవాడికి ఎవరూ అమర్యాద చేయరు. ‘వందనాలండీ’ అంటారు, చాప చూపిస్తారు, తరువాత ‘మీదే ఊరు?’ అని అడుగుతారు. ఆ మూడో మాటకు వచ్చే జవాబును బట్టి, నాలుగో మాట ఉంటుందో లేదో తేలుతుంది.

అందుచేత, ఆదరించే సంఘం అన్న మాటకు వాకిట్లో నిలబడి చేయి కలిపే మర్యాద అని అర్థం చెప్పుకుంటే తెలుగు సంఘాలన్నీ పరీక్ష నెగ్గినట్టే. బయటినుంచి వచ్చిన మనిషి కొన్నాళ్లకు అక్కడ లెక్క చూడగలడా, పాట ఎత్తుకోగలడా, తన పిల్లకు ఆ సంఘంలో సంబంధం అడగగలడా, చనిపోతే ఆ సమాధుల తోటలో చోటు పొందగలడా అన్న ప్రశ్నలతో కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఆరోగ్యవంతమైన సంఘం అన్న మాటను కూడా ఇక్కడ ఆ అర్థంలోనే వాడటం జరుగుతున్నది. హాజరు పెరగడం ఆరోగ్యానికి ఒక సూచన కావచ్చు గాని, ఉన్నవారి మధ్య అధికారం ఎలా పంచబడింది, తప్పు జరిగినప్పుడు బలహీనుడి మాట ఎవరు వింటారు అన్నవి అంతకన్నా నమ్మదగిన గుర్తులు.

ఈ బంధువర్గ స్వభావాన్ని లోపంగా కాక సూత్రంగా చూసినవారు కూడా ఉన్నారు. 1933లో జె. వాస్కం పికెట్ భారతదేశపు సామూహిక ఉద్యమాలపై అచ్చువేసిన అధ్యయనంలో తెలుగు ప్రాంతం కూడా ఉంది. ఆయనతో కలిసి పనిచేసిన డోనాల్డ్ మెక్‌గావ్రన్ ఆ అనుభవం నుంచే, మనుషులు తమ కుల, భాషా సరిహద్దులు దాటనక్కరలేనప్పుడు సులువుగా క్రైస్తవులవుతారన్న వాదాన్ని రూపొందించి 1955లో గ్రంథంగా వెలువరించారు. దానినే తరువాత సజాతీయ సమూహ సూత్రం అన్నారు. అమెరికాలో సంఘాభివృద్ధి శాస్త్రమంతా దాని మీద నిలిచింది. తెలుగు పల్లెలు చూసినవారికి ఆ సూత్రం వాస్తవానికి దూరం అనిపించదు. కానీ మొదటి తరం ఎలా వచ్చిందో చెప్పే వర్ణన, నాలుగో తరం ఎలా ఉండాలో చెప్పే ఆదేశంగా మారడం దగ్గరే అది పెడదారి పట్టింది. పెరుగుదలకు పనికొచ్చిన కంచెను పెరిగిన తరువాత కూడా తీయకపోవడానికి అది పండితుల ఆమోదముద్ర ఇచ్చింది.

అజరయ్య ఈ విషయంలో ఎవరినీ మినహాయించలేదు, ముందుగా మిషనరీలనే నిలదీశారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సదస్సులో మాట్లాడుతూ, విదేశీ మిషనరీలు త్యాగాలు చేస్తారు గాని భారతీయ సహోద్యోగిని సమానుడిగా ఇంట్లో కూర్చోబెట్టుకోరని, ఇక్కడి సంఘానికి ఇప్పుడు కావలసింది స్నేహమని ఆయన చెప్పిన మాటలు సభికుల్లో కలకలం రేపాయి. ఆ చూపునే తరువాత తన అధ్యక్షమండలం మీదికి, అంటే బిషప్పు పరిపాలనలో ఉండే సంఘాల ప్రాంతం మీదికి, తిప్పుకున్నారు. ముందు వచ్చిన మాలలు, తరువాత వచ్చిన మాదిగలతో కలిసి కూర్చోవడానికి పలుచోట్ల ఇష్టపడలేదు. 1930 ప్రాంతంలో శూద్ర కులాలవారు బాప్తిస్మానికి రావడం మొదలయ్యాక, వాళ్ల కోసం వేరే ఏర్పాట్లు చేయాలన్న ఒత్తిడి ఇంకోవైపు నుంచి వచ్చింది. ప్రతి కులానికీ ఒక మందిరం కట్టి ఇస్తే సంఖ్య ఇంకా వేగంగా పెరిగేదేమో. ఆయన ఆ దారిన పోలేదు.

ఆయన ప్రవేశపెట్టిన ఒక ఆచారాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. బాప్తిస్మం పొందినవారి చేత తమ చేతిని తమ తలమీదనే పెట్టించి, సువార్త ప్రకటించడం తన బాధ్యతేనని, ప్రకటించకపోతే తనకు శ్రమ అని పలికించేవారు. దీన్ని ప్రచారోద్యమంగా మాత్రమే చూడటం వాడుక. అయితే అక్షరం రాని కూలీ స్త్రీ కూడా ఆ ఒక్క చేష్టతో బాధ్యురాలవుతుంది. వచ్చినవారిని పిలిచేవారు, కూర్చోబెట్టేవారు పెద్దలే అన్న మాట అక్కడితో చెల్లదు. 1919లో తరంగంబాడిలో ఆయన అధ్యక్షతన ప్రధానంగా భారతీయ పాదిరీలే కూర్చుని, సంఘాల విడివిడితనం మిషనరీలు తెచ్చిపెట్టిన పరాయి వారసత్వమని తేల్చిన సమావేశం, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడటానికి దారితీసింది. ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంప్రదాయాలు ఒక్కటయ్యాయి. మాలపల్లె, మాదిగపల్లె ఒక్కటి కావడం మాత్రం సంతకాలతో అయ్యేది కాదు.

సంతకాలు లేకుండా ఆ దిశగా కొంత దూరం నడిచిన ఉద్యమం మరొకటి ఉంది. పంజాబు సిక్కు కుటుంబం నుంచి వచ్చిన భక్త సింగ్ హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను కేంద్రంగా స్థాపించిన సహవాసాల్లో, ఆదివారం ఆరాధన తరువాత అందరూ నేలమీద వరుసగా కూర్చుని భోంచేసే ‘ప్రేమవిందు’ ఆరాధనలో భాగంగానే సాగింది. వండేది ఎవరు, వడ్డించేది ఎవరు, పక్కన కూర్చునేది ఎవరు అని చూసుకునే దేశంలో, వారం వారం జరిగే ఈ సహపంక్తి ఎన్నో ప్రసంగాలు చేయలేని పని చేసింది. ఆ సహవాసాలకు తమవైన బిగింపులు ఉన్నాయి, స్త్రీలకు ప్రసంగపీఠం ఇవ్వకపోవడం వాటిలో ఒకటి. అయినా ప్రధాన సంఘాలవారు వాళ్ల సిద్ధాంతాలను విమర్శించినంత శ్రద్ధగా వాళ్ల భోజనాన్ని గమనించి ఉంటే బాగుండేది. సంవత్సరానికి ఒకసారి కోతపండుగనాడు వేసే పంక్తి, పెట్టే విందే గాని, అలవాటు కాదు.

సంఘకాపరి ఎదుర్కొనే ఇబ్బందుల్లో బయటివారికి బొత్తిగా కనిపించనిది బాప్తిస్మాల రిజిస్టరు. 1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం, హిందువు కానివారు షెడ్యూల్డు కులస్థులు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ నిబంధనను సడలించారు, క్రైస్తవులకు సడలించలేదు. క్రైస్తవులైన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ వర్గంలోకి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషను ఒక శాతం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొంది చర్చికి వెళ్లే స్త్రీ ఉద్యోగం కోసం ఎస్సీ ధ్రువపత్రం కోరడాన్ని తిరస్కరించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ వర్తించదని చెప్పింది. కులం పేరుతో తిట్టినవాడు ఆ మనిషి బాప్తిస్మం సంగతి కనుక్కుని తిట్టడు గాని, చట్టం మాత్రం కనుక్కుంటుంది. దీని ఫలితంగా రేషన్ కార్డులో ఒక పేరు, సంఘ పుస్తకంలో మరో పేరు ఉన్న కుటుంబాలు లెక్కలేనన్ని. సంవత్సరాలుగా ప్రతి ఆదివారం వచ్చి, కానుక వేసి, స్త్రీల సమాజంలో పాటలు నేర్పే మనిషి, కొడుకు చదువు పూర్తయ్యే వరకు బాప్తిస్మం వాయిదా వేసుకుంటారు.

ఇలాంటివారి పట్ల ఏ వైఖరి తీసుకోవాలన్నది వేదాంత కళాశాలల్లో తేలికగా, పల్లెలో కష్టంగా ఉండే ప్రశ్న. బాప్తిస్మం లేనివారికి ప్రభురాత్రి భోజనం, అంటే రొట్టె ద్రాక్షారసాల సంస్కారం, ఇవ్వకూడదని సంఘ నియమం. ఇవ్వకపోతే వాళ్లు జీవితాంతం చివరి చాపమీదే కూర్చున్నట్టు. కొందరు పాస్టర్లు చూసీచూడనట్టు పళ్లెం అందిస్తారు, కొందరు పేరు రిజిస్టరులో ఎక్కించకుండా బాప్తిస్మం ఇస్తారు, కొందరు నియమం చెప్పి పంపేస్తారు. వీళ్లలో ఎవరినీ తొందరపడి తప్పుపట్టలేము. తప్పుపట్టవలసింది, ఇంత బరువైన నిర్ణయాన్ని ఒక్క పాస్టరు మీదకు నెట్టి, ఏ సభలోనూ ఆ మాట ఎత్తని పైస్థాయి నాయకత్వాన్ని. రాజ్యం గీసిన గీత వల్ల సంఘంలో అర్ధసభ్యులు పుట్టినప్పుడు, వాళ్లకు ఏ చోటు ఇవ్వాలో బహిరంగంగా చర్చించి తీర్మానించడం అధ్యక్షమండలాల పని.

ఇక ఆ పాస్టరు స్థితి. ఒక పాస్టరేటు, అంటే ఒక అభిషిక్త పాదిరీ కింద ఉండే సంఘాల గుంపు, తెలుగు జిల్లాల్లో పది పన్నెండు పల్లెలకు కూడా విస్తరించి ఉండవచ్చు. వారం వారం ఆరాధన నడిపేది స్వల్ప జీతం తీసుకునే ఉపదేశి. పాదిరీ అధ్యక్షమండలానికి కట్టవలసిన మొత్తాన్ని వసూలు చేయాలి, పాస్టరేటు కమిటీ ఎన్నికల్లో ఎవరి పక్షమూ వహించలేదనిపించుకోవాలి, కొన్నేళ్లకొకసారి వచ్చే బదిలీలో పిల్లల బడి దగ్గరి ఊరు రావాలని ఎవరినో అడగాలి. పట్టణాల్లో మిషనరీలు వదిలిపోయిన స్థలాలు, బడులు, ఆసుపత్రుల విలువ కోట్లకు చేరాక, సంఘ ఎన్నికలు ఆ ఆస్తులపై పట్టు కోసం జరిగే పోటీలుగా మారి, వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. ఏ ముఠా గెలిస్తే ఆ ముఠా ఏ కులానిదో కూడా అందరికీ తెలిసే ఉంటుంది. అలాంటి చోట పాస్టరును ‘అందరినీ ఆదరించండి’ అని సదస్సులు పెట్టి బోధించడం అన్యాయం. పెద్ద కానుక ఇచ్చే ఇంటి మాటను కాదనగల భద్రత అతని ఉద్యోగానికి ఉందా అని ముందు చూడాలి. ‘అయ్యగారు మెతక’ అన్న పేరు వచ్చిన చాలామంది నిజానికి మెతకవారు కారు, నిస్సహాయులు.

పాస్టరు ఇంటి రెండో మనిషిని గురించి రెండు మాటలు. తెలుగు సంఘంలో పాస్టరు భార్యను ‘అమ్మగారు’ అంటారు. స్త్రీల సమాజం, సండేస్కూలు, కాన్పు ఇళ్ల ప్రార్థనలు, అర్ధరాత్రి తలుపు తట్టినవారికి టీ, అన్నీ ఆమెవే, జీతం మాత్రం ఉండదు. ఇంతకుముందు జీతమున్న ఒక స్త్రీ ఉండేది. బైబిలు స్త్రీ అని పిలిచే ఆమె, ఏ పాదిరీ అడుగుపెట్టలేని ఇళ్ల పెరట్లోకి వెళ్లి చదువు చెప్పి, వైద్యం చెప్పి, సువార్త చెప్పేది. పరాయివారిని సంఘం వైపు నడిపినవారిలో ఆమె వాటా చాలా పెద్దది. ఆ ఉద్యోగం క్రమంగా అంతరించింది, ఆ పని ఉచితంగా అమ్మగారి మీద పడింది. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల అధ్యక్షమండలానికి బిషప్పు కావడం, సీఎస్ఐలో ఒక స్త్రీ ఆ పదవిని అందుకోవడం అదే మొదటిసారి కావడం, తెలుగు సంఘం గర్వించవలసిన విషయమే. అయినా కానుక లెక్కపెట్టే బల్ల దగ్గర స్త్రీలు కూర్చునే సంఘాలు ఇప్పటికీ కొద్దే. బియ్యం వాళ్లది, లెక్క మగవాళ్లది.

క్రమశిక్షణ విషయంలో ఈ అసమానత మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తప్పుచేసినవారికి కొంతకాలం సంస్కారం ఆపి, సంఘం ముందు ఒప్పుకోలు చెప్పించి తిరిగి చేర్చుకోవడం పాత పద్ధతి. ఉద్దేశం మనిషిని తిరిగి తెచ్చుకోవడమే. ఆచరణలో, వేరే కులపు యువకుణ్ణి పెళ్లాడిన అమ్మాయికి వెంటనే ఆగిన సంస్కారం, తాగి భార్యను కొట్టే పెద్దకు ఆగిన దాఖలాలు అరుదు. పిల్లలపై జరిగే లైంగిక నేరాల సంగతి ఇంకా తీవ్రమైనది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే శిక్షార్హం. సండేస్కూలు, హాస్టలు, వేసవి బైబిలు తరగతులు నడిపే సంఘాల్లో ఈ నిబంధన తెలిసిన పెద్దలు ఎంతమంది? ‘సంఘం పరువు’ అన్న రెండు మాటలతో పంచాయితీ పెట్టి, రెండు కుటుంబాలనూ మోకరింపజేసి ప్రార్థన చేసి పంపడం బంధువర్గ సంఘానికి సహజంగా వచ్చే పరిష్కారం. అది పరిష్కారం కాదు, చట్టరీత్యా నేరం. బిడ్డకు భయం కలిగే ఏ చోటైనా ఇతరులకు ఎంత ఆతిథ్యం ఇచ్చినా ఆదరించే చోటు అనిపించుకోదు.

ఇటువంటి బరువులన్నిటినుంచీ విసిగి, ముఖ్యంగా పట్టణాల్లో, స్వతంత్ర సంఘాలకు వెళ్లినవారు చాలామంది. స్థాపించిన పాస్టరే అధిపతిగా ఉండే ఈ సంఘాల్లో కొత్తవారికి మొదటి రోజే పేరు అడిగి, ఫోను నంబరు తీసుకుని, మంగళవారం ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తారు. కులం అడగరు, కనీసం గుమ్మం దగ్గర అడగరు. వెనకబడిన కులాల స్త్రీలు, ఇంట్లో తెలియకుండా వచ్చేవారు, జబ్బుతో వచ్చేవారు ఇక్కడ ఊరట పొందారన్నది నిజం. లెక్కలు అడిగే కమిటీ లేకపోవడం, పాస్టరు తరువాత పాస్టరు కొడుకే రావడం, మానసిక వ్యాధికి డాక్టరు దగ్గరికి పంపకుండా ఉపవాస కూడికలతో సరిపెట్టడం కూడా నిజమే. పాత సంఘాలవారు వీళ్లను ‘గొర్రెల దొంగలు’ అని తిట్టుకోవడం మానేసి, దొడ్డి తలుపు ఎందుకు తెరుచుకుపోయిందో చూసుకోవాలి. చాలా కుటుంబాలు ఆరాధనకు కొత్త సంఘానికి వెళుతూనే పాత సంఘంలో చందా కట్టి పేరు నిలుపుకుంటాయి. కారణం సమాధుల తోట. హైదరాబాదు నారాయణగూడ శ్మశానవాటిక లాంటి చోట్ల స్థలం ఇరుకైపోయిన ఈ రోజుల్లో, ఆరడుగుల నేల కోసం ఉంచుకున్న సభ్యత్వాన్ని చూసి సంఘం బలంగా ఉందనుకునే పెద్దలు తమను తాము మోసం చేసుకుంటున్నట్టే.

బంధువర్గం లేని తెలుగు సంఘం ఎలా ఉంటుందో చూడాలంటే గల్ఫ్ దేశాలకు వెళ్లాలి. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో పలు భాషల సంఘాలు గదులనూ గంటలనూ పంచుకుని ఆరాధిస్తాయి. తెలుగు సంఘం వాటిలో ఒకటి. కడప, కోనసీమ ప్రాంతాల నుంచి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు, డ్రైవర్లు శుక్రవారం సెలవు దొరికినవారు దొరికినట్టు వస్తారు. చుట్టాలు లేరు, కులపెద్ద లేడు, ఏ పేట నుంచి వచ్చినా అందరూ ఒకే రకంగా పరాయివారే. జీతం ఇవ్వని యజమాని దగ్గరి నుంచి బయటపడ్డ మనిషికి టిక్కెట్టు డబ్బు పోగుచేసేది ఈ కూటమే. అదే మనుషులు ఊరికి తిరిగి వచ్చి పాత మందిరంలో పాత చాపమీద కూర్చుంటారు. వాళ్లు అక్కడ నేర్చుకున్నది ఏమిటని అడిగిన సంఘకమిటీలు ఉన్నట్టు కనిపించదు. వాళ్లు పంపిన డబ్బుతో మందిరానికి టైల్సు వేయించిన కమిటీలు మాత్రం ఉన్నాయి.

అజరయ్యను స్మరించే పాదిరీలు, పెద్దలు, వేదాంత విద్యార్థులు వచ్చే వార్షిక సభకు ముందు కొన్ని పనులు చేయగలరు. కానుక లెక్కను నెలనెలా మందిరం గోడమీద అంటించవచ్చు. లెక్కపెట్టే బల్ల దగ్గర ఇద్దరు స్త్రీలను, రెండో కులానికి చెందిన ఒకరిని కూర్చోబెట్టవచ్చు. పిల్లల రక్షణకు బాధ్యులెవరో పేరు, ఫోను నంబరుతో సహా సండేస్కూలు గదిలో రాసి పెట్టవచ్చు. నెలకొకసారైనా అందరూ కలిసి వండుకుని తినవచ్చు. బాప్తిస్మం వాయిదా వేసుకున్నవారి విషయాన్ని అధ్యక్షమండలం ముందు తీర్మానంగా పెట్టవచ్చు. వీటిలో ఏ ఒక్కదానికీ బిషప్పు అనుమతి గాని, విదేశీ నిధి గాని అవసరం లేదు. పాస్టరేటు కమిటీ ఒక్క సాయంత్రం కూర్చుంటే చాలు. ఆ సాయంత్రం ఏర్పాటు చేయవలసిందిగా ప్రతి పాస్టరేటు కార్యదర్శికీ విజ్ఞప్తి.